పూత మీద గుత్త

మామిడి పూత వాసన తగిలితే నాకు ఇప్పటికీ కడుపులో మంట లేస్తుంది. ఆ వాసనకు జనం కళ్ళు మూసుకుని ఊపిరి పీలుస్తారు. నేను ముక్కు మూసుకుంటాను. బనగానపల్లెలో పుట్టి, మామిడి మీద బతుకుతూ, మామిడి పూతను తిట్టుకునే ఆడమనిషిని నేనొక్కదాన్నే అని మా ఊళ్ళో నవ్వుకుంటారు. నవ్వనీ. పూత అనగానే నాకు గుర్తొచ్చేది డోన్‌లో మండీ పెట్టుకుని కూర్చున్న ఒక సావుకారి ముఖం. ఆ ముఖం వాడిపోవడం కళ్ళారా చూడాలని సగం జీవితం ఎదురుచూశాను. చూశాను కూడా. చూసినందుకు సంతోషించాను. ఇందులో దాచుకోవలసిందేమీ లేదు.

మా నాయన గుత్తదారు. చెట్లు ఒకరివి, కాపు మరొకరిది, అదీ ఆయన వ్యాపారం. తోట యజమానికి ఇంతని కట్టి ఆ ఏడాది కాపు వరకు తోటను పట్టుకుంటాడు. మందు కొట్టించడం, కాపలా, కోత, లారీకెత్తడం అన్నీ గుత్తదారు నెత్తినే. లాభమొచ్చినా ఆయనదే, నష్టమొచ్చినా ఆయనదే. ఇవి కాక మాకు సొంతంగా ఒక చిన్న తోట ఉండేది. ఊరికి పడమట గుట్ట కింద, మా తాత కావడితో నీళ్ళు మోసి పెంచిన చెట్లు. ఆ కాయలు అమ్మేవాళ్ళం కాదు. తినేవాళ్ళం, పంచేవాళ్ళం, చుట్టాలొస్తే గంపలో పెట్టి పంపేవాళ్ళం.

గుత్త ఎప్పుడు పట్టాలన్నదే ఆ వ్యాపారంలో అసలు సంగతి. పూత మీద పట్టొచ్చు. పిందె కట్టి గోలీకాయంత అయ్యాక పట్టొచ్చు. పూత మీద పడితే చవక, కానీ ఆ పూతలో ఎంత నిలుస్తుందో ఎవడికీ తెలియదు. పిందె మీద పడితే డబ్బు ఎక్కువ, కానీ కళ్ళకు కనపడేదానికి కడతాం. మా నాయన పిందె మనిషి. తోటి గుత్తదారులు పూతకే ఎగబడుతుంటే ఆయన గట్టు మీద కూర్చుని బీడీ కాల్చుకుంటూ, పిందె కట్టనీలే అనేవాడు. అందుకే పెద్దగా సంపాదించనూ లేదు, ఎవరి గడపా తొక్కనూ లేదు.

నేను ఇంటర్ చదివేటప్పుడు ఒక ఏడు వాన మొహం చాటేసింది. మా పక్క బుడ్డలు, అదే వేరుశెనగ, గింజ పట్టకుండానే మాడిపోయాయి. విత్తనం డబ్బు కూడా ఎవరికీ తిరిగి రాలేదు. ఆ చలికాలంలో మామిడి విరగబూసింది. ఏ తోటకు పోయినా ఆకు కనపడలేదు.

ఇది మా సీమవాళ్ళకే పట్టే పిచ్చి. వాన లేని ఏడే మామిడి బాగా పూస్తుంది. నీళ్ళు అందక బెదిరిన చెట్టు ఉన్న సత్తువంతా పూతకే పెడుతుంది. తర్వాత కాయను నిలుపుకోడానికి దాని దగ్గర ఏమీ మిగలదు. ఈ సంగతి మా దగ్గర ప్రతివాడికీ తెలుసు. అయినా చేను ఎండిన కడుపుమంటలో ఆ పూతను చూస్తే, చేన్లో పోయింది దేవుడు చెట్టు మీద తిరిగిస్తున్నాడని నమ్మేస్తారు. బుడ్డల్లో పోగొట్టుకున్నవాళ్ళంతా అప్పులు తెచ్చి పూత మీద పెడతారు. ఒకడు పెట్టాడని ఇంకొకడు, వాడిని చూసి మరొకడు. తోటల ధర పూత ఉన్న నెల రోజులూ ఆకాశాన్నంటుతుంది. ఆ తర్వాత ఊళ్ళకు ఊళ్ళు కుదేలవుతాయి. మళ్ళీ కొన్నేళ్ళకు వాన పోతుంది, మళ్ళీ పూత వస్తుంది, మళ్ళీ అదే తంతు.

ఆ ఏడు డోన్ సావుకారి జీపులో మా ఇంటికొచ్చాడు. తెల్లచొక్కా, భుజం మీద జరీ అంచు తువ్వాలు. మా నాయన కోసిన కాయంతా ఎన్నో ఏళ్ళుగా ఆయన మండీకే పోయేది. ఆయన అరుగు మీద కూర్చుని మా అమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి మొదలుపెట్టాడు.

“ఏమప్పా, తోటలు చూసినావా? ఆకు కనపడ్తాండాదా యాడన్నా?”

“చూసినా సావుకారీ. శానా పూసింది. నీళ్ళే లేవు. చెట్టు నిలుపుకుంటాదో లేదో.”

“పిందె కట్టేదాంక నువ్వు ఈడ కూచుంటే నీకు మిగిలేది టెంకలేనప్పా. అందరూ పడ్తాండారు. పట్టు. దుడ్లకేం, నేను లేనా?”

నాయన రెండు రోజులు ఆలోచించాడు. మా అమ్మ వద్దంది. ఆయనకూ వద్దనే ఉంది. కానీ బుడ్డల్లో మాకూ పోయింది, అందరూ పడుతున్నారు, ఎదురుగా డబ్బు పట్టుకుని ఒకడు కూర్చున్నాడు. మూడో రోజు డోన్ పోయి డబ్బు తెచ్చుకున్నాడు. కాయంతా ఆ మండీకే తోలాలి, పూచీకి గుట్ట కింద మా చిన్న తోట. ఆ డబ్బుతో ఆయన ఎన్నడూ పట్టనన్ని తోటలు పూత మీద పట్టాడు.

సంక్రాంతి దాటగానే మబ్బు కమ్మింది. పొద్దెక్కినా మంచు విడిచేది కాదు. తేనెమంచు పురుగు పడింది. ఆకులు జిగటగా మెరిశాయి, ఆ తర్వాత వాటి మీద మసి పట్టింది. పూత నల్లబడి, తాకితే పొడిలా రాలిపోయింది. ఎన్ని మందులు కొట్టించినా లాభం లేకపోయింది. అక్కడక్కడా కట్టిన పిందె నీళ్ళు లేక చెట్టు కిందే పడింది. వేసవికి మిగిలిన కాయను లారీకెత్తి డోన్‌కు తోలుకుపోయాం. సెలవులు కాబట్టి నేనూ నాయనతో పోయాను.

అక్కడ బేరం ఎలా జరుగుతుందో అప్పుడే మొదటిసారి దగ్గరగా చూశాను. బయటి ఊళ్ళ నుంచి వచ్చిన వ్యాపారి ఒకడు కాయల రాసి ముందు నిలబడ్డాడు. సావుకారి భుజం మీది జరీ తువ్వాలు తీసి తన చేతి మీద, వాడి చేతి మీద కప్పాడు. లోపల వేళ్ళు పట్టుకుంటారు. ఎన్ని వేళ్ళు పడితే అన్ని వేలు, టన్నుకు. నోటితో ఒక్క మాట ఉండదు. పక్కన వంద మంది ఉన్నా ధర ఆ రెండు చేతులకే తెలుస్తుంది. పండించినవాడికి ఎంత పలికిందో ఆ తర్వాత సావుకారి చెబుతాడు. ఆయన చెప్పిందే ధర. నాయనకు చెప్పిన ధర విని నాకే నీరసం వచ్చింది.

నేను టీ కోసం బయటికి పోతే ఆ వ్యాపారి అక్కడే నిలబడి ఎవరితోనో మొరపెట్టుకుంటున్నాడు. ఇంత పోసి కొన్నాను, నాకేం మిగులుతుంది అని. వాడు చెప్పిన ధరకూ నాయనకు చెప్పిన ధరకూ సగానికి సగం తేడా. పరుగెత్తుకుంటూ వచ్చి నాయన చెవిలో చెప్పాను. ఆయన ముఖం ఎర్రబడింది. తర్వాత దించుకున్నాడు.

“ఊరుకో పాపా. ఆయప్ప దుడ్లు మన మీద ఉండాయి.”

ఆ మాటతో నా లోపల ఏదో గట్టిగా ముడిపడిపోయింది. ఆ ముడిని విప్పే ప్రయత్నం నేను ఎన్నడూ చేయలేదు.

వానాకాలం ముందు సావుకారి మళ్ళీ జీపులో వచ్చాడు. ఈసారి మజ్జిగ తాగలేదు. పూచీ పెట్టిన తోట తనకు రాసిమ్మన్నాడు. నాయన చేతులు జోడించి ఒక్క కాపు గడువు అడిగాడు. మా అమ్మ గడప లోపల నిలబడి ఉంది, నేను ఆమె వెనకాల ఉన్నాను. సావుకారి మా చిన్న తోట వైపు గడ్డం ఎత్తి చూపించి, ఇంటి ముందు పోయేవాళ్ళకు కూడా వినపడేలా అన్నాడు.

“పూత చూసి మురిసిపొయ్యేటోనికి తోట ఎందుకప్పా?”

పట్టు పట్టు అని వెంటపడినవాడు ఈ మాట అన్నాడు. తోట రాయించుకున్నాక ఇంకో మంచి పని కూడా చేశాడు. ఆ చెట్లు నీకే బాగా తెలుసు కదప్పా, కాపలా నువ్వే ఉండు, జీతమిస్తా అన్నాడు. నాయన ఒప్పుకున్నాడు. తన తండ్రి పెంచిన చెట్ల మధ్య మంచె కట్టుకుని, ఒడిసెలతో చిలకలను తోలుతూ, ఏళ్ళ తరబడి ఆ సావుకారి కాయను కాపాడాడు. మా అమ్మ రోజూ సంగటి క్యారియరు తీసుకుపోయేది. గేటు దాటి ఒక్కసారి కూడా లోపలికి అడుగు పెట్టలేదు. క్యారియరు కంచె మీద తగిలించి, ఒక కేక వేసి, వెనక్కి వచ్చేసేది. ఎందుకు పోవంటే, నా తోట కాదు కదా, నాకేం పని అనేది. చచ్చిపోయేవరకు ఆ గేటు దాటలేదు. దీనికి కూడా నేను ఆ సావుకారినే బాధ్యుణ్ణి చేశాను. తప్పయితే తప్పు.

డిగ్రీ కాగానే నేను డోన్ రైల్వే స్టేషను దగ్గర కాయలు లోడుచేసే యార్డులో లెక్కలు రాసే పనికి చేరాను. ఆ యార్డు ఆ సావుకారిది కాదు, కానీ ఆయన కారు రోజూ దాని ముందు నుంచే పోయేది. కాయను చూసి తూకం చెప్పడం, ఏ కాయ ఎన్ని రోజులు నిలుస్తుందో పసిగట్టడం, ఏ ఊరికి ఏ సైజు పోతుందో తెలుసుకోవడం అక్కడే నేర్చుకున్నాను. తువ్వాలు కింద వేళ్ళ లెక్క కూడా నేర్చుకున్నాను, ఎన్నడూ వాడనని నిర్ణయించుకుని మరీ నేర్చుకున్నాను. తర్వాత సొంతంగా చిన్న చిన్న తోటలు పట్టడం మొదలుపెట్టాను.

పూత మీద మాత్రం పైసా పెట్టలేదు. పిందె నిలిచి, గాలికి రాలేది రాలిపోయాక, ఎక్కువైనా సరే అప్పుడు కట్టేదాన్ని. ఏ మండీ అడ్వాన్సూ ముట్టుకోలేదు. కాయ అమ్మేటప్పుడు ఎవడైనా తువ్వాలు తీస్తే నోటితో చెప్పు అనేదాన్ని. మొదట్లో ముసిముసిగా నవ్వారు. ఆడమనిషి చెయ్యి పట్టుకోడానికి సిగ్గేమో అని వెకిలి మాటలన్నారు. కానీ నా దగ్గర దెబ్బ తగలని కాయ దొరికేది కాబట్టి నోటితోనే చెప్పడం నేర్చుకున్నారు. డోన్‌కు ఒక్క కాయ పంపలేదు. దూరమైనా కడపకే తోలాను. డీజిలు ఖర్చు ఎక్కువవుతుందని మా ఆయన గొణిగితే, అది కక్ష ఖర్చు, దాని జోలికి రావద్దన్నాను. ఆయన నవ్వాడు. నేను వేళాకోళానికి అనలేదు.

ఇలా ఏళ్ళు గడిచాయి. నాయనకు మోకాళ్ళు పట్టేసి మంచె ఎక్కలేక కాపలా మానుకున్నాడు. మాతోనే ఉండేవాడు. పొద్దున్నే కర్ర పట్టుకుని ఎవరి తోట దగ్గరైనా ఆగి, ఒక ఆకు తుంపి రెండు వేళ్ళ మధ్య రుద్ది చూసుకుని వచ్చేవాడు. ఏం చూశావు నాయనా అంటే, ఏం లేదులే అనేవాడు.

మొన్నీమధ్య మళ్ళీ వాన లేని ఏడు వచ్చింది. మళ్ళీ బుడ్డలు పోయాయి. మళ్ళీ మామిడి విరగబూసింది. ఈసారి పూత ఫోన్లలో కూడా పూసింది. తోటల వీడియోలు ఊరూరా తిరిగాయి. ఈ ఏడు మామిడి కొట్టినవాడే మొనగాడని వాటి కింద రాతలు. బంగారం తాకట్టు పెట్టి పూత పట్టినవాళ్ళున్నారు, ట్రాక్టరు అమ్మి పట్టినవాళ్ళున్నారు. అందరికన్నా ముందు మా సావుకారి. తలంతా నెరిసింది, పొగరు మాత్రం నెరవలేదు. అంతకుముందు ఏడు ధర బాగా పలికి చాలా మిగిలింది. ఆ ఊపులో, పత్తికొండ టమోటా వ్యాపారుల దగ్గర నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి మరీ పూత మీద తోటలు పడుతున్నాడని విన్నాను. ఒకప్పుడు పక్కవాడి చేత పట్టించి తను పక్కన నిలబడినవాడు ఇప్పుడు తనే దిగాడు. వయసు మీద పడి భయం పోయిందో, డబ్బు ఎక్కువై తెలివి పోయిందో నాకు తెలియదు. నాకు కావలసింది ఇదే.

మా దగ్గర ఒక గుడి మాన్యం తోట ఉంది, చాలా పెద్దది. ఏటా పూత మీదే బహిరంగ వేలం వేస్తారు. మండీలోలాగా కాదు, పందిరి వేసి మైకులో పిలుస్తారు, ధర అందరి ముందూ నోటితో చెప్పాలి. ఆ తోట ఆ ఏడు తనకే కావాలని సావుకారి అందరితో చెప్పి తిరుగుతున్నాడు. నేనూ వెళ్ళి డిపాజిట్టు కట్టి పేరు రాయించుకున్నాను. తోట పట్టాలని కాదు. ఆయన చేత, ఆ తోట మోయలేని ధరకు పట్టించాలని.

ఆ పొద్దున నాయన బయటి నుంచి వచ్చి రెండు వేళ్ళు నా ముందు పెట్టాడు.

“జిగట తగుల్తాండాది పాపా. ఇంగ పది పదైదు దినాల్లో మసి పడ్తాది. ఈ ఏడు పూత తట్టు పోవద్దు.”

“పట్టేదానికి కాదు నాయనా. చూసొచ్చేదానికి పోతాండా.”

ఆయన ఆ రెండు వేళ్ళను పంచె అంచుకు తుడుచుకున్నాడు.

పందిరి నిండా జనం. సావుకారి ముందు వరుసలో కుర్చీలో కూర్చున్నాడు, భుజం మీద జరీ తువ్వాలు. చిన్న గుత్తదారులు మొదట కాసేపు పిలిచి తప్పుకున్నారు. మేమిద్దరమే మిగిలాం. నా గొంతు వినగానే వెనక్కి తిరిగి చూశాడు. గుర్తుపట్టాడు.

“ఏమ్మా, మీ నాయన మాదిరే నీకూ పూత పిచ్చి పట్టినాదా?”

జనం నవ్వారు. నేను కూడా నవ్వి ఒక లక్ష పెంచాను. ఆయన పెంచాడు. మంచి ఏడులో ఆ తోట ఎంత కాస్తుందో, ఎంతకు పడితే గిట్టుబాటవుతుందో నాకు తెలుసు. ఆ ధర దాటాం. నా బ్యాంకులో ఎంత ఉందో అదీ దాటాం. పక్కనున్న మా ఆయన నా మోచెయ్యి గిల్లాడు. నేను చూడలేదు. నాకు ఆ జరీ అంచు తప్ప ఏమీ కనపడటం లేదు. సావుకారి పెంచిన ప్రతిసారీ మా అమ్మ కంచెకు తగిలించిన క్యారియరు గుర్తొచ్చేది. నేను మళ్ళీ పిలిచాను.

మైకులో ఒకటోసారి అన్నారు. రెండోసారి అన్నారు. సావుకారి తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. ఆ కాస్త ఆలస్యం నాకు తెలియనైనా తెలియలేదు. చెయ్యి ఎత్తాడు. ఇంకో లక్ష. నేను కుర్చీలో వెనక్కి వాలి, చాలు సావుకారీ, తీసుకో అన్నాను. ఆయన గెలిచాడని కొందరు చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

ఆ తర్వాత రోజులు నాకు పండగే. మబ్బు పట్టింది, మంచు పడింది, ఆకులు జిగటై మసి కమ్మింది. నేను కావాలని ఆ గుడి తోట గోడ వెంట స్కూటీ మీద పోయి, నల్లబడ్డ పూతను చూసుకుంటూ నిలబడ్డాను. పూత మాడిపోతే వాసన ఉండదు. చాలా ఏళ్ళ తర్వాత ఒక మామిడితోట పక్కన తనివితీరా ఊపిరి పీల్చుకున్నాను. ఆ సావుకారిని చూసి ధైర్యం తెచ్చుకుని పూత పట్టిన చిన్నవాళ్ళు కూడా దెబ్బతిన్నారు. వాళ్ళను చూస్తే మా ఇల్లే గుర్తొచ్చి బాధేసింది. కానీ ఆ బాధ నా సంతోషాన్ని తగ్గించిందని అబద్ధం చెప్పలేను.

వడ్డీవాళ్ళు డోన్ మండీలోనే మకాం వేశారు. సావుకారి ఒక్కొక్కటీ అమ్మడం మొదలుపెట్టాడు. కారు పోయింది. రెండో మండీ పోయింది. గుట్ట కింద చిన్న తోట కూడా అమ్మకానికి ఉందని బ్రోకరు చెప్పగానే, అప్పటికప్పుడు బయలుదేరి డోన్ పోయాను. చిన్నప్పుడు నాయనతో పోయాక మళ్ళీ ఆ మండీలో అడుగుపెట్టడం అదే. అదే గల్లా పెట్టె, అదే కుర్చీ. హమాలీలు, ఇద్దరు ముగ్గురు వ్యాపారులు, వడ్డీ మనిషి ఒకడు ఉన్నారు. నేను తోట కోసం వచ్చానని చెప్పాను. ఆయన ఒక్క మాట మాట్లాడకుండా, అలవాటు కొద్దీ తువ్వాలు తీసి తన చేతి మీద కప్పుకుని, ఆ చెయ్యి నా ముందుకు చాపాడు.

నేను ఆ తువ్వాలు పట్టుకుని లాగేశాను. మడిచి ఆయన భుజం మీదే వేశాను.

“నోటితో చెప్పు సావుకారీ. అందరూ వినాల.”

ఆయన చెప్పాడు. వినపడలేదన్నాను. మళ్ళీ చెప్పాడు. హమాలీలు పని ఆపి చూస్తున్నారు. ధర ఎక్కువేమీ కాదు, నేను బేరమాడలేదు. లేచి వచ్చేటప్పుడు, చిన్నప్పటి నుంచి నాలుక మీద పెట్టుకుని తిరుగుతున్న మాట అన్నాను.

“పూత చూసి మురిసిపొయ్యేటోనికి తోట ఎందుకప్పా?”

ఆ మాట ఎక్కడిదో ఆయనకు గుర్తుందో లేదో తెలియదు. తల దించుకుని మంచినీళ్ళ చెంబు కోసం తడుముకున్నాడు. ఆయన ముఖం నేను కోరుకున్నట్టే వాడిపోయింది. బస్సులో వచ్చేంతసేపూ నాలో నేనే నవ్వుకున్నాను. పక్కసీటావిడ జరిగి కూర్చుంది.

రిజిస్ట్రేషను అయిన రోజు మధ్యాహ్నం గేటు తాళంచెవి తెచ్చి నాయన ఒళ్ళో పెట్టాను. ఆయన నడవలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. తాళంచెవిని అటూ ఇటూ తిప్పి చూశాడు. కళ్ళు తుడుచుకుంటాడేమో అనుకున్నాను. చెట్లు ఎట్లున్నాయో అడుగుతాడేమో అనుకున్నాను. ఆయన అడిగింది వేరు.

“గుడి తోట పాటలో నువ్వు కడాకు ఎంత పిలిచినావు పాపా?”

టీ అంగట్లో ఎవరో చెప్పినట్టున్నారు. దాచలేదు, చెప్పాను.

“అంత నీ తాన ఉండెనా?”

“లేదు.”

“ఆయప్ప ఆడ నిలిపింటే?”

“నిలపడని నాకు తెలుసు నాయనా. వాని పొగరు నాకు తెలీదా?”

నాయన తాళంచెవిని మంచం మీద పెట్టాడు.

“ఆ ఏడు పిందె నిలుస్తాదని నాకూ తెల్సుండెలే పాపా.”

నేను అక్కడే నిలబడిపోయాను. ఇల్లు, లారీ, నాయన మందుల డబ్బు, నా పిల్లల చదువు అన్నీ వరసగా కళ్ళ ముందుకొచ్చాయి. రెండోసారి అన్న తర్వాత ఆ సావుకారి మెడ తుడుచుకున్నంతసేపు, ఇవన్నీ ఆ తువ్వాలు మీద వేలాడాయి. ఆ సంగతి నాకు అప్పుడు తట్టలేదు. ఇన్నేళ్ళుగా పూత మీద పైసా పెట్టలేదని అందరికీ చెప్పుకుని తిరిగినదాన్ని. ఉన్నదీ లేనిదీ కలిపి ఒక ముసలాయన పొగరు మీద పెట్టి, అది నిలుస్తుందని నాకు తెలుసనుకున్నాను. నాయన మంచం పట్టె మీద కూర్చోమన్నట్టు తట్టాడు. కూర్చున్నాను.

“ఇంగ పాటలకు పొయ్యేటప్పుడు నన్నూ పిల్చుకపో” అన్నాడు.

నేను ఇప్పుడు ఎక్కడ వేలం ఉన్నా నాయనను వెంట తీసుకుపోతాను. కర్ర కాళ్ళ మధ్య పెట్టుకుని నా పక్క కుర్చీలో కూర్చుంటాడు. మొన్న కడప దగ్గర ఒక తోట పాటలో ఆ సావుకారి కూడా కనపడ్డాడు. ఎవరి దగ్గరో డబ్బు పుట్టించుకుని, చివరి వరుసలో కూర్చుని ఉన్నాడు. జరీ తువ్వాలు లేదు. నన్ను చూసి కూడా చూడనట్టు ముఖం తిప్పుకున్నాడు. ఆయన గొంతెత్తి పిలవగానే నా ఒళ్ళంతా మళ్ళీ భగ్గుమంది. ఉన్న కొంచెం కూడా ఊడ్చేయాలనిపించింది. నా చెయ్యి కుర్చీ మీద నుంచి లేచింది. నాయన నా మణికట్టు పట్టుకున్నాడు. ఏళ్ళ తరబడి ఒడిసెల తిప్పిన చెయ్యి, ఇంకా గట్టిగానే ఉంది. అటు చూడకుండా, మైకు వైపే చూస్తూ, మూడోసారి అనేంతవరకు వదల్లేదు.